గుమ్మడికాయ పాట

పాట అనే మాట మనవాళ్ళు రెండు చోట్ల వాడతారు. గుళ్ళో నిలబడి దేవుణ్ణి స్తుతిస్తే పాట. చెరువు గట్టున నిలబడి నీకంటే నేను వంద ఎక్కువ అంటే అదీ పాటే. జకరయ్య రెండింట్లోనూ గట్టివాడు. ఆదివారం తమ పల్లె చర్చి గుళ్ళో కీర్తన ఎత్తుకునేది అతనే. మిగతా వారమంతా భట్టిప్రోలు చుట్టుపక్కల చేపల చెరువులు పాటకు తీసుకుని, బొచ్చెల్ని, శీలావతుల్ని ఐసుపెట్టెల్లో సర్ది తెనాలి మార్కెట్టుకి పంపేదీ అతనే. గొంతు ఒకటే కదా, ఎక్కడ వాడితే ఏంటి అనుకునేవాడు.

ఆ ధీమా తుపానుకు ముందు మాట. తొంభైలో, మే నెలలో వచ్చిన తుపానుకి అతను పట్టిన చెరువుల గట్లన్నీ తెగిపోయాయి. చేపలు పొలాల్లో పడి, అడ్డొచ్చినవాళ్ళందరి కూరల్లోకీ వెళ్ళాయి. ఆ తర్వాత అతను మళ్ళీ లేచి నిలబడ్డాడంటే తెనాలిలో చేపల కమీషను వ్యాపారి హనుమంతరావు అతని పెట్టెలు దించుకుని అమ్మిపెడుతున్నాడు కాబట్టే. ఆ హనుమంతరావు మరుసటి ఏడు ఫిబ్రవరిలో, ఒక శనివారం, రేపల్లె బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో జకరయ్యకు ఇడ్లీ పెట్టించాడు. ఆయన ఊరికే కాఫీ కూడా ఇప్పించే మనిషి కాదు. ఇడ్లీ రాగానే ఇది దేనికో ధరేనని జకరయ్య పసిగట్టాడు.

"సోమవారం మీ గుడి చెరువు పాట ఉంది కదా. నువ్వు నోరు తెరవకూడదు. మిగతా నలుగురు వ్యాపారులూ ఒప్పుకున్నారు" అన్నాడు హనుమంతరావు.

"అది మా సంఘం చెరువండి. ఆ పాట డబ్బుతోనే మా బడి నడుస్తోందండి."

"నడవొద్దని నేనన్నానా? నిన్ను దొంగతనం చెయ్యమన్నానా, అబద్ధం ఆడమన్నానా? ఊరుకోమన్నాను. ఊరుకోవడం మీ మతంలో పాపమా?" అంటూ ఆయన ఒక కవరు ప్లేటు పక్కన పెట్టాడు. "రెండు వేలు. దీన్ని గుడ్‌విల్ అంటారు. అంటే మంచి మనసు. నాకు నీ మీద మంచి మనసుంది. అది లేని రోజున నీ పెట్టెలు తెనాల్లో దించేవాడుండడు. తెలుసుగా?"

తెలుసు. తెలుసు కాబట్టే జకరయ్య ఇడ్లీ తిన్నాడు, కవరు జేబులో పెట్టుకున్నాడు. బస్సులో వస్తూ తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. వ్యాపారం వేరు, వాక్యం వేరు. చెరువు తక్కువకు పోతే సంఘం ఇంకెక్కడో సర్దుకుంటుంది. అయినా తనొక్కడే పాడితే ఏం లాభం? ఇలాంటి మాటలు మనిషికి భలే తొందరగా తడతాయి. ఇల్లు చేరేసరికి అతనికి అన్ని జవాబులూ వచ్చేశాయి, నిద్ర మాత్రం రాలేదు.

మర్నాడు కోత పండుగ. పొలం పనులయ్యాక ప్రతి ఇంటివాళ్ళూ తమ చేతి పంటలో ఒకటి గుడికి తెస్తారు. వడ్లు, మినుములు, అరటిగెలలు, కోళ్ళు. ఆరాధన కాగానే పాస్టరు దేవసహాయం అయ్యగారు వాటిని ఒక్కొక్కటే పాటకు పెడతారు. బయటి పాటలో అందరూ తగ్గించాలని చూస్తే, ఇక్కడ అందరూ పెంచాలని చూస్తారు. అందులోనూ ఒక మర్యాద ఉంది. లేనివాళ్ళు ముందు అందుకుంటారు, ఉన్నవాళ్ళు వాళ్ళమీద ఎక్కిస్తారు. పేదవాళ్ళ మీద పాట ఆగనివ్వరు. తాము కట్టక్కర్లేకపోయినా, ధర ఎక్కించిన ఆనందం వాళ్ళదే.

ఆ రోజు ఏసమ్మ గుమ్మడికాయ తెచ్చింది. ఏసమ్మ కూలిమనిషి, తల పండిపోయింది. మనవరాలిని పెట్టుకుని కాలవ గట్టున గుడిసెలో ఉంటుంది. తుపానుకు ఎగిరిపోయిన కప్పును మళ్ళీ వేయించాక, దానిమీదకే ఈ పాదు ఎక్కించింది. కాయ రెండు చేతులా పట్టనంత ఉంది. ఎవరో పది అన్నారు, ఎవరో యాభై అన్నారు. జకరయ్య చెయ్యి జేబులోకి వెళ్ళింది. కవరు వేళ్ళకు తగిలింది, కాలినట్టే అనిపించింది.

"రెండు వేలు" అన్నాడు.

గుడంతా చప్పట్లు మోగాయి. అయ్యగారు జకరయ్య తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. ఏసమ్మ వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. "నా కాయకు రెండు వేలా నాయనా! ఇన్నేళ్ళలో నేను దేవుడికి ఇంత ఇవ్వలేదు" అని ఏడ్చింది. జకరయ్యకు ఒక్కసారిగా ఒళ్ళు తేలికైంది. పాపిష్టి డబ్బు దేవుడికే చేరింది, ఇక లెక్క సరిపోయిందనుకున్నాడు. దేవుడి దగ్గర కూడా కమీషను వ్యాపారం చెయ్యవచ్చనుకున్నాడు, వెర్రివాడు!

ఇంటికొచ్చాక భార్య రిబ్కా, "కోసి పులుసు పెట్టనా?" అంది.

"ఉండనీ" అని దాన్ని మంచం కిందకు తోశాడు.

సోమవారం చెరువు గట్టు మీద పాట పెట్టారు. హనుమంతరావు కారు దిగి తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. మిగతా నలుగురు వ్యాపారులూ చింతచెట్టు నీడన నిలబడి, కాలవను ఎన్నడూ చూడనివాళ్ళలా అటే చూస్తున్నారు. గట్టుకు ఇవతల పల్లె ఆడవాళ్ళు గుమిగూడారు. బడి పంతులమ్మ రాజమ్మగారు కూడా వచ్చింది. ఆవిడ జీతం ఈ చెరువులోంచే రావాలి. వారం క్రితమే అయ్యగారు అందరికీ చెప్పారు: ఈ ఏడు చెరువు పలకకపోతే బడి మూసేస్తాం, పిల్లలు రోడ్డు దాటి భట్టిప్రోలు వెళ్ళాల్సిందే అని. ఆ మాట విన్నప్పట్నించీ ఏసమ్మ మనవరాలి గురించే దిగులు పడుతోంది. అంత దూరం పిల్ల ఒక్కతే ఎలా వెళుతుంది? పనికి పంపడమే అవుతుంది.

"ఎనిమిది వేలు" అన్నాడు హనుమంతరావు.

"పోయినేడు పద్దెనిమిది పలికింది కదండి" అన్నారు అయ్యగారు.

అయ్యగారు జకరయ్య వంక చూశారు. జకరయ్య చెప్పుల వంక చూసుకున్నాడు.

"ఎనిమిది వేలు, ఒకటోసారి" అన్నారు అయ్యగారు.

"తొమ్మిది వేలు!" అని వినపడింది. ఆడగొంతు. అందరూ తిరిగి చూస్తే ఏసమ్మ. చెయ్యెత్తి, గుళ్ళో ఎత్తినట్టే ఎత్తి, జకరయ్య వంక చూసి నవ్వుతోంది.

హనుమంతరావు కూడా నవ్వాడు. "కడతావా ముసలమ్మా?"

"నేనెందుకు కడతానయ్యా? మా జకరయ్య ఎక్కిస్తాడు కదా!"

పిచ్చిది, ఇదీ నిన్నటి పాటేననుకుంది. దేవుడి గుడి, దేవుడి చెరువు, అదే అయ్యగారు, అదే జకరయ్య. పేదదాని మీద పాట ఆగనివ్వరు అన్న ఒక్క నమ్మకంతో, జన్మలో చూడని డబ్బు పేరు చెప్పి నిలబడింది.

"రాసుకోండి అయ్యగారూ" అన్నాడు హనుమంతరావు తాపీగా. "సాయంత్రానికి సగం కట్టలేకపోతే ఆవిడ పాట కొట్టేసి, నా ఎనిమిదికి నాకివ్వండి. పద్ధతి అదేగా."

"తొమ్మిది వేలు, ఒకటోసారి" అన్నారు అయ్యగారు. "తొమ్మిది వేలు... రెండోసారి."

ఏసమ్మ నవ్వు ఇంకా ఉంది. కానీ అది కొంచెం కొంచెంగా జారిపోతోంది. జకరయ్యకు తెనాలి మార్కెట్టు కనిపించింది, ఎవరూ దించని పెట్టెలు, కరిగిపోతున్న ఐసు కనిపించాయి. ఇచ్చిన మాట తప్పిన వ్యాపారి బతుకేమవుతుందో అతనికి బాగా తెలుసు. అయితే ఏ మాట? శనివారం హోటల్లో ఇచ్చిందా, ప్రతి ఆదివారం గొంతెత్తి ఇస్తున్నదా?

"పద్దెనిమిది వేలు" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

హనుమంతరావు కేకలు వెయ్యలేదు. నెమ్మదిగా నడిచొచ్చి అందరిముందూ చెయ్యి చాపాడు. "నా గుడ్‌విల్ నాకిచ్చెయ్."

"ఏం గుడ్‌విల్?" అన్నారు అయ్యగారు.

"పాట పాడకుండా ఉండటానికి తీసుకున్నాడండి. రెండు వేలు."

"ఇప్పుడు నా దగ్గర లేవండి" అన్నాడు జకరయ్య.

"ఏం చేశావ్?"

చెప్పక తప్పలేదు. "గుళ్ళో ఇచ్చేశాను. గుమ్మడికాయకి."

రాజమ్మగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అయ్యగారు ఏమీ అనకుండా గుళ్ళోకి వెళ్ళి, కానుకల పెట్టెలోంచి డబ్బు తెచ్చి హనుమంతరావు చేతిలో పెట్టారు. ఆయన లెక్కపెట్టుకుని, "నీ పెట్టెలు ఇక ఎవరు దించుతారో చూస్తా" అని కారెక్కాడు. నీడన ఉన్న నలుగురూ అప్పటికీ కాలవనే చూస్తున్నారు. వాళ్ళ జేబుల సంగతి వాళ్ళని ఎవరూ అడగలేదు.

పాట జకరయ్య పేర ఖాయమైంది. బడి నిలబడింది. రాజమ్మగారు దండం పెట్టింది కానీ మొహంలోకి చూడలేదు. ఏసమ్మ మాత్రం కదల్లేదు.

"మరి నా కాయ?" అంది.

"ఇంట్లోనే ఉంది పిన్నీ. కొయ్యలేదు. ఆ రెండు వేలూ నా సొంత డబ్బు కడతాను. నిన్న నీ కాయ ఎంత పలికిందో అంతా కడతాను."

"అది నా కాయ పలికింది కాదు నాయనా. నీ నోరు పలికింది." ఏసమ్మ కళ్ళు తుడుచుకుంది. "రాత్రంతా సంతోషంతో నిద్రపోలేదయ్యా నేను. తెచ్చియ్యి. దాని పాట ఇంకా అవలేదు."

జకరయ్య పట్టపగలు గుమ్మడికాయ భుజాన పెట్టుకుని పల్లె నడుమ నుంచి గుడికి నడిచాడు. అంత బరువు అతను ఎప్పుడూ మొయ్యలేదు. దార్లో ఎవరూ పలకరించలేదు. పెట్టెలు తెనాలి పోకపోతే బాపట్ల పోతాయో, మచ్చుకు ఒక్కటైనా ఎవరు దించుకుంటారో అతనికి తెలియదు. అది తర్వాతి దిగులు.

ఆ పై ఆదివారం ఆరాధనలో కీర్తన వేరే ఎవరో ఎత్తుకున్నారు. తర్వాత అయ్యగారు గుమ్మడికాయను మళ్ళీ పాటకు పెట్టారు. ఏసమ్మ ముందు వరసలో, చాప మీద కూర్చుని ఉంది. రెండు రూపాయలన్నారు, అయిదన్నారు. రాజమ్మగారు పదిహేను అంది. "ఒకటోసారి" అని అయ్యగారు జకరయ్య ఉన్న వైపు చూశారు. గుడంతా చూసింది. ఏసమ్మ కూడా వెనక్కి తిరిగి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

జకరయ్య నోరు మూసుకుని కూర్చున్నాడు. ఈసారి అందుకు అతనికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.