జవాబు వచ్చేలోపు చెంపదెబ్బ

దుప్పటి మడవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆ లాండ్రీకి హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లు ఎంతెంత ఉండేవంటే, ఒంటరిగా పట్టుకున్న మనిషినే దుప్పటి మడిచి పక్కన పెట్టేస్తుంది. అందుకని ఇద్దరు కావాలి. ఇద్దరూ ఒకే పొడుగు ఉండాలి. చెరో కొసా పట్టుకుని, ఒక్క ఊపున దులిపి, అంచుకి అంచు కలిపి, ఎదురెదురుగా నడిచి రావాలి. చేతికి చెయ్యి తగిలేసరికి ముఖానికి ముఖం జానెడు దూరంలో ఉంటుంది. ఒకరు కొసలు అందిస్తే రెండోవాళ్ళు అందుకుంటారు, మొదటివాళ్ళు వంగి కింది మడత పట్టుకుంటారు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. పొద్దున వచ్చింది మొదలు ఇదే వరస. కొత్తగా పెళ్ళైన జంటలు కూడా రోజుకి అన్నిసార్లు ఎదురుపడరని అక్కడి వాళ్ళు నవ్వుకునేవారు.

ఆ పనికి సరిపడా పొడుగున్నవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు జువ్వ, ఇంకొకరు బావ.

జువ్వ అనేది పెట్టిన పేరు కాదు, వచ్చిన పేరు. నిప్పు సెగ తగిలితే చాలు, నేల మీద నిలిచే మనిషి కాదు. మనసు వెన్న, నోరు మిరపకాయ. చెయ్యి మాత్రం ఆ రెండింటినీ అడక్కుండా సొంతంగా తిరిగేది. ఇక బావ అంటారా, ఆయన అక్కడ ఎవరికీ బావ కాడు. పనిలో చేరిన రోజునే అందరితోనూ ఆ వరస తనే కలుపుకున్నాడు. "అన్న అని పిలిపించుకుంటే నోరు కట్టేసుకోవాలి. బావ అయితే ఏమన్నా చెల్లుతుంది" అని ఆయన లెక్క. ముసలాళ్ళకీ బావే, పిల్లలకీ బావే. ఎదుటివాళ్ళు నవ్వితే ఆ పూట ఆయనకి తిండి కూడా అక్కర్లేదు.

జువ్వ మొగుడు ఆ లాండ్రీకే వ్యాను నడిపేవాడు. మైల బట్టల మూటలు తేవడం, ఉతికినవి తిరిగి ఇచ్చి రావడం. బంగారం లాంటి మనిషి, కాకపోతే నత్తి. మాట గొంతులోంచి బాగానే బయల్దేరేది. పెదాల గడప దగ్గరికొచ్చి, చెప్పులు కనపడనట్టు అక్కడే తచ్చాడేది. జువ్వకి అంత ఓపికెక్కడిది? ఆయన "మం.." అనగానే "మంచినీళ్ళా?" అని గ్లాసు చేతిలో పెట్టేది. ఆయన అడగబోయింది మంచం కింద పడ్డ తాళంచెవి గురించి. పోనీలే పాపం అని ఆ నీళ్ళు తాగేసి, తనే వంగి వెతుక్కునేవాడు.

గొడవైన పొద్దున ఆయన మూటలు దింపి తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఈ.. ఈ.. ఈ మూట.." అంటూ ఏదో చెప్పబోతున్నాడు. జువ్వా బావా అప్పటికి సగం మడతలో ఉన్నారు. బావ చెవికి ఆ "ఈ" పడింది. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టైంది.

"విన్నారా, ఈ ముక్క మావాడు పెళ్ళిలో మొదలెట్టాడు!" అని అందుకున్నాడు. "'ఈ పిల్ల నాకొద్దు' అందామనుకున్నాడు పాపం. 'ఈ.. ఈ.. ఈ..' అంటుండగా పెళ్ళయిపోయింది. 'ఈ.. ఈ..' అంటుండగా భోజనాలయ్యాయి, పందిరి విప్పేశారు. పిల్లకి జుట్టు కూడా నెరుస్తోంది. మావాడు చూడండి, ఇంకా 'ఈ' దగ్గరే ఉన్నాడు!"

చెప్పడం ఒక్కటే కాదు, మూతి వంకర తిప్పి, మెడ సాగదీసి ఆయన మాట్లాడే తీరంతా ఆడి చూపించాడు. అందరూ పడీ పడీ నవ్వారు. మిషన్లలో బట్టలు వేసే సబ్బు అక్క నవ్వి నవ్వి మిషను తలుపు పట్టుకుంది. తర్వాత మాత్రం నాకు తుమ్మొచ్చిందని వాదించింది.

నవ్వు అయ్యేసరికి మడత కూడా అయింది. బావ ముఖం జువ్వకి జానెడు దూరంలోకి వచ్చింది. జువ్వ చేతిలో కొసలు వదిలేసింది. చెంప ఛెళ్ళుమంది.

ఆ చప్పుడుకి ఆరబెట్టే మిషను కూడా ఒక్క క్షణం జంకినట్టనిపించింది.

గాజు గది లోపల్నించి లాండ్రీ యజమానురాలు, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, గుండె బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "అయ్యో అయ్యో, ఎంత పని చేశావే! తెల్లటి దుప్పటి నేల మీద పడేస్తావా?"

"పెద్దమ్మా, నా చెంప!" అన్నాడు బావ.

"చెంపని మళ్ళీ ఉతకాలా ఏంటి నేను? దుప్పటి సంగతి ముందు చూడనీ!"

దుప్పటి తిరిగి మిషనెక్కాక అసలు తగువు మొదలైంది. ఇస్త్రీ తాత పెట్టె పక్కన పెట్టి, "మాటకి మాట, దెబ్బకి దెబ్బ. మాటకి దెబ్బ ఇచ్చే మారకం ఏ బజార్లోనూ చూళ్ళేదమ్మా నేను" అన్నాడు.

"ఊరుకో తాతా. చెంపకైతే తడిగుడ్డ వేస్తాం, తగ్గుద్ది. మాట తగిలితే ఎక్కడ వేస్తావు గుడ్డ?" అంది సబ్బు అక్క. "నన్నడిగితే ఇంకోటి బాకీ ఉంది."

"మరి నువ్వెందుకు నవ్వావే?"

"నేను తుమ్మానన్నానా!"

ఇంత గోలలో జువ్వ నడుం మీద చెయ్యేసుకుని కోట గెలిచినదానిలా నిలబడింది. బావని చూద్దామా, ఆయన దిండు గలీబుల గుట్ట మీద మెత్తగా కూర్చుని, చెంప మీద తడిగుడ్డ, చేతిలో టీ గ్లాసు, ఎవరొచ్చి అయ్యో అన్నా కాదనకుండా పుచ్చుకుంటున్నాడు. తలుపు దగ్గర జువ్వ మొగుడు తెరిచిన నోరు మెల్లగా మూసుకుని వెళ్ళి వ్యాను ఎక్కాడు. ఆ మూట సంగతేమిటో ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన ఉలకలేదు, పలకలేదు. ఆయన ఊరుకోవడం జువ్వకి కొత్త కాదు. కానీ రోజూ ఆయన ఊరుకున్నప్పుడు ఎక్కడో ఒక మాట నడిచొస్తూ ఉంటుంది. ఆ పూట ఏదీ బయల్దేరిన అలికిడే లేదు. ఆ జోకు ఎంత లోతుగా దిగిందో అని జువ్వకి బావ మీద ఒళ్ళు మండింది. ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె వడ్డించింది. ఆయన తిన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

మర్నాడు హోటలు వాళ్ళు దుప్పట్లు వెనక్కి పంపారు. గొడవయ్యాక బావ పక్కన నిలబడనని జువ్వ భీష్మించుకుంటే, పెద్దమ్మ ఆమెకి సబ్బు అక్కని జత చేసింది. సబ్బు అక్క జువ్వ భుజానికొస్తుంది. వాళ్ళు మడిచిన దుప్పట్లు మంచం మీద పరిస్తే, మంచమే వంకరగా ఉందనుకుని హోటల్లో వడ్రంగిని పిలిచారట.

"ఇదిగో జువ్వా, మధ్యాహ్నం లోపు బావకి క్షమాపణ చెప్పు. లేదంటే వెళ్ళి ఆ మూల గలీబులు మడుచుకో, జన్మంతా" అంది పెద్దమ్మ.

"గలీబులే మడుస్తా. నాదేం తప్పు? నా మొగుణ్ణంటే ఊరుకుంటానా?"

అనేసింది గానీ, లోపల గలీబుల బెంగ లేదు. ఎవరి కోసం చెయ్యెత్తిందో ఆ మనిషే ముఖం తిప్పుకుని తిరుగుతున్నాడు. పొద్దున చొక్కా బొత్తాం ఊడితే ఆమెని అడక్కుండా తనే కుట్టుకున్నాడు. అదీ ఆమె బెంగ. ఇక ఉండబట్టలేక, మడిచిన బట్టలు ఇచ్చి రావడానికి ఆయన వ్యాను తీస్తుంటే వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది.

"చెప్పవయ్యా. కోపం వాడి మీదా, నా మీదా?"

"నీ.. నీ.."

"నీళ్ళా? ఇదిగో సీసా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీ.. నీ.."

"నీరసంగా ఉందా? నేననుకుంటూనే ఉన్నా. రాత్రి సరిగ్గా తినలేదు.."

ఆయన వ్యాను రోడ్డు పక్కకి తీసి, తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు. అరచెయ్యి ఎత్తి ఆమె ముఖానికి ఎదురుగా పెట్టాడు, పోలీసు బండ్లని ఆపినట్టు. ఆమె నోరు తెరిచింది. ఆ చెయ్యి కదల్లేదు. మూసుకుంది. వెనకాల ఎవరో హారన్ కొట్టారు. ఆయన తొందరపడలేదు.

"నీ.. నీ మీదే" అన్నాడు. ఊపిరి పీల్చుకుని, ఒక్కో మాటా దింపుకుంటూ వచ్చాడు. "నా దగ్గర జ.. జవాబు ఉంది. మంచి జవాబు. నోట్లో.. నోట్లోకి వచ్చేసింది కూడా. అందరూ నా వైపే చూస్తున్నారు. ఒ.. ఒక్క ఊపిరి ఆగితే చెప్పేసేవాణ్ణి. ఈలోపు నువ్వు ఛె.. ఛెళ్ళుమనిపించావు."

జువ్వ చేతిలో సీసా పక్కన పెట్టేసింది.

"వాడి జోకు అయ్యేదాకా ఆగావు. నా జవాబు అయ్యేదాకా ఆ.. ఆగలేకపోయావు. అందరూ ఏమనుకున్నారు? వీడికి నోరు లేదు, పెళ్ళాం చెయ్యే గతి అనుకున్నారు."

ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది, దెబ్బ వేసేటప్పుడు ఓరకంట చూసిన ఆయన ముఖం. ఏడుపు ముఖం కాదది. పెదాలు నవ్వుతున్నాయి. జవాబు దొరికినవాడి నవ్వు! తనే దాని నోరు నొక్కేసింది.

"ఏంటయ్యా ఆ జవాబు?"

ఆయన ఇంజను స్టార్ట్ చేశాడు. "నీ.. నీకెందుకు చెప్తా? అది బా.. బావది."

బట్టలిచ్చి లాండ్రీకి తిరిగొచ్చేసరికి జువ్వ కాలు ఒకచోట నిలవలేదు. నేరుగా బావ ముందుకెళ్ళింది. బావ చటుక్కున రెండు గలీబులు తీసి రెండు చెంపలకీ అడ్డం పెట్టుకున్నాడు.

"బావా, నిన్నటి జోకు మళ్ళీ చెప్పు."

"ఏ జోకు? నాకు జోకులు రావు. నేను పూజకి పనికొచ్చే మనిషిని."

"మొదట్నుంచీ చెప్పు. మూతి కూడా తిప్పు. దానికి జవాబు రావాల్సి ఉంది."

పెద్దమ్మకి సంగతేమిటో అర్థం కాలేదు గానీ, చూడాలని మహా సరదా పుట్టింది. "అలాగైతే నాదో షరతు. జువ్వ చేతులు ఖాళీగా ఉండకూడదు" అని, పెద్ద దుప్పటి ఒకటి తెచ్చి రెండు కొసలు జువ్వకీ రెండు కొసలు బావకీ పట్టించింది. బావని అవతలి గోడ దాకా వెనక్కి నడిపించి, "ఊఁ, ఇప్పుడు చెప్పు" అంది.

వణుకుతున్న గొంతుతో జోకు చెప్పడం ఎప్పుడైనా చూశారా? పెళ్ళికొడుకు 'ఈ' అన్నాడన్నాడు బావ, జువ్వ చేతుల వంక చూశాడు. భోజనాలయ్యాయన్నాడు, మళ్ళీ చూశాడు. జుట్టు నెరిసే దగ్గరికొచ్చేసరికి, "అంటే నెరవలేదనుకో చెల్లీ" అన్నాడు. ఆయన నోట చెల్లీ అన్న వరస రావడం అదే మొదలు.

"సరిగ్గా చెప్పు!" అని అరిచింది జువ్వ.

చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. అందరి తలలూ తలుపు వైపు తిరిగాయి.

జువ్వ మొగుడు గొంతు సవరించుకున్నాడు. "బా.. బా.. బా.."

"బాబోయ్ అంటున్నాడా?" అని గొణిగింది సబ్బు అక్క. ఇస్త్రీ తాత ఆమె కాలు తొక్కాడు.

"బావా. నా.. నా.. నా.."

జువ్వ నాలిక చివర ఎన్ని మాటలు వరస కట్టాయో! నాకు, నాది, నాలుగు, నాశనం. ఒక్కటీ బయటికి పోనివ్వకుండా పెదవి కొరికి పట్టింది. చేతుల్లో దుప్పటి బిగుసుకుని తబలాలా తయారైంది. అవతల బావ రెండడుగులు ముందుకి జారాడు.

"నాకు ఒకే మా.. మాట పదిసార్లు వస్తుంది. నిజమే. నా.. నాది నత్తి." ఊపిరి పీల్చుకున్నాడు. తొందర లేదు, దొర లాగా నిలబడ్డాడు. "నీకు ఒకే జోకు పదేళ్ళ నుంచి వస్తోంది. నీ.. నీకేం రోగం?"

లాండ్రీ లాండ్రీ అంతా పేలింది. ఇస్త్రీ తాతకి నవ్వు ఎక్కడ తగులుకుందో, పెట్టె తిరగేసి బల్ల మీద కొట్టడం మొదలెట్టాడు. పెద్దమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని మళ్ళీ తీసింది. సబ్బు అక్క ఈసారి తుమ్మానని కూడా అనలేదు. జువ్వ నవ్వుతూ ఏడ్చిందో, ఏడుస్తూ నవ్విందో, ముఖం దుప్పట్లో దాచుకుంది.

బావ అటూ ఇటూ చూశాడు. అలవాటు కొద్దీ చెంప మీద చెయ్యేసుకున్నాడు.

"నిన్న ఇలా పట్టుకుంటే అందరూ అయ్యో అన్నారు. టీ ఇచ్చారు. ఇవాళ ఒక్కరూ అయ్యో అనరేంటే!"

"ఎలా అంటారు బావా? నిన్న నిన్ను మంచోణ్ణి చేసింది నేనే" అంది జువ్వ. ముఖం తుడుచుకుని, దుప్పటి కొసలు కలుపుకుంటూ ఎదురు నడిచొచ్చి, జానెడు దూరంలో ఆగింది. "చెయ్యి చేసుకోవడం తప్పే. క్షమించు. మాటకి మాట మా ఇంట్లో ఉంది. కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే. నేనే ఆగాల్సింది."

బావ కొసలు అందుకున్నాడు. తర్వాత తలుపు వైపు తిరిగి, "ఒరేయ్, మూతి వంకర తిప్పడం నాదీ తప్పేరా" అన్నాడు. వెంటనే గొంతు తగ్గించి, "ఆ రోగం జోకు బావుంది. నేను వాడుకోనా?" అని అడిగాడు.

"వా.. వాడుకో. పదేళ్ళు వా.. వాడతావుగా."

మళ్ళీ నవ్వులు. ఆయన ముఖం చూడాలి అప్పుడు! దీపం పెట్టినట్టుంది. ఏళ్ళ తరబడి ఎన్ని జవాబులు గడప దగ్గరే నిలబడిపోయాయో, ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి రావడానికి తయారయ్యాయి. వెళ్ళి పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇం.. ఇంకోటి ఉంది" అన్నాడు.

ఇంతలో గాజు గదిలో ఫోను మోగింది. హోటలు వాళ్ళు. పెద్దమ్మ వెళ్ళి తీసి, "దుప్పట్లా? వస్తాయండీ, వస్తాయి. మా వ్యాను అబ్బాయి జోకు చెప్తున్నాడు" అంది. అవతలివాళ్ళు ఏదో గట్టిగా అరిచారు. "ఎంతసేపు పడుతుందా? అది మాకూ తెలీదండీ" అని ఫోను పెట్టేసి, చేతికందిన మూట ఒకటి లాక్కుని దాని మీద చతికిలబడింది.