ఒక్క మనిషికి రెండు పుస్తకాలు

జబ్బు మనిషి మీద కోప్పడకూడదని ఎవరైనా అంటే, బైండరు భార్య వాళ్లని కూడా కలిపి కడిగేసేది. మూడు నెలలుగా మొగుడు కళ్లముందే కుంగిపోతుంటే ఒళ్లు మండదూ? ముప్పై ఏళ్లు పుస్తకాలు కుట్టి అట్టలు వేసిన మనిషి, కొట్టు ముందు మూడు మెట్లెక్కి స్టూలు మీద కూలబడుతున్నాడు. ఆయాసానికి నీలం పంపు, అదే ఇన్‌హేలరు, పీలుస్తాడు. కాసేపటికి గుండె లయ తప్పి దడదడలాడుతుంది.

"పొద్దుటే ఎన్నిసార్లు పీల్చారు?"

"నాలుగు. నా ప్రాణం తోడెయ్యకే."

"తోడేది నేనా? ఆ డాక్టర్లిద్దరూనా?"

ఒకే ఆసుపత్రిలో పక్కపక్క గదులు వాళ్లవి. దడ తగ్గలేదని గుండె డాక్టరు మాత్ర పెంచాడు. ఆయాసం తగ్గలేదని ఊపిరితిత్తుల డాక్టరు పంపు ఎక్కువసార్లు పీల్చమన్నాడు. ఈయనగారేమో పనితనమంతా చూపించి, గుండె కాగితాలకి ఎర్ర అంచు, ఊపిరి కాగితాలకి పచ్చ అంచు వేసి రెండు పుస్తకాలు కట్టాడు. అట్టల మీద బంగారు అక్షరాలు కూడానూ! ఏ గదికి వెళ్తే ఆ పుస్తకమే పట్టుకెళ్తాడు. రెండోది ఇంట్లో భద్రంగా ఉంటుంది.

ఆ పొద్దున ఆయన స్నానానికి వెళ్లగానే ఆవిడ కత్తి తీసుకుని రెండింటి కుట్లూ తెగ్గోసింది. కొట్లో కాగితాలు వరసపెట్టే పని ఎప్పుడూ ఆవిడదే. తేదీల ప్రకారం పేర్చి, ఒక్క పుస్తకంగా కుట్టింది. అంచు చూసి నిర్ఘాంతపోయింది. ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ. మాత్ర పెరిగిన పది రోజులకి పంపు, పంపు పెరిగిన వారానికి మాత్ర.

ఆసుపత్రిలో ఆ పుస్తకం తిరగేస్తూ ఊపిరితిత్తుల డాక్టరు మూడో కాగితం దగ్గర ఆగిపోయాడు.

"ఈ మాత్ర ఎవరిచ్చారమ్మా? ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయే రకం ఇది! నాకు చెప్పలేదేం?"

"గుండెని వేరే డాక్టరుగారు చూస్తున్నారని చెప్పాను కదండీ" అని గొణిగాడు బైండరు.

"ఆయన చెప్పారు, మీరు తలూపారు!" ఆవిడ గొంతు వరండా అంతా వినబడింది. "మీ గదుల మధ్య గోడ ఉంటే ఉండనివ్వండి. ఈయన రొమ్ములో గోడ లేదు కదా!"

డాక్టరు పుస్తకం పట్టుకుని పక్క గదికి వెళ్లాడు. గోడ అవతల గొంతులు లేచాయి. తిరిగొచ్చేసరికి ఆయన ముఖం ఎర్రబడింది. మాత్ర మారుస్తున్నామన్నాడు. రోజూ వేళకి పీల్చే రెండో పంపు మానొద్దని, నీలం పంపు ఇన్నిసార్లు అవసరమైతే వెంటనే రమ్మని, సొంతంగా ఏదీ ఆపొద్దని చెప్పాడు.

బయట బల్ల మీద కూర్చుని బైండరు కుట్టు తడిమి చూశాడు.

"ముడి వదులుగా వేశావు."

"ఇంకా నోరుందే మీకు!"

"మళ్లీ అట్ట వేస్తాలే. దాని మీద ఏం రాయను? గుండె అనా, ఊపిరి అనా?"

ఆవిడ కోపం దిగలేదు. కళ్లు మాత్రం నిండిపోయాయి.

"మీ పేరు రాయండి. మొదట్నుంచీ రాయాల్సింది అదే."