ఎర్ర వెలుతురులో స్ఫటికాలు

భారతమ్మకు పక్కటెముక విరిగినప్పుడు తన ఊరు పుత్తూరులోనే, విరిగిన ఎముకలకు కట్టు వేసే నాటువైద్యుడి దగ్గరికి వెళ్లింది. ఆయన చేత్తో తడిమి చూసి కట్టు వెయ్యలేదు. "దెబ్బ తగల్లేదంటా ఉండావు. ఊరికే ఎముక ఇరగదు. తిరపతి పెద్దాసుపత్రికి పోమ్మా," అన్నాడు. ఎముక మూలుగలో వచ్చే క్యాన్సర్ అని అక్కడ తేలింది. ఇంజెక్షన్లతో జబ్బు అదుపులోకి వచ్చింది గాని అరికాళ్లు మొద్దుబారాయి. కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. మరమగ్గాల షెడ్డులో పని మానేసింది.

ఆ ఇంజెక్షన్ ఏం చేస్తుందో ఆమెకు విడమరిచి చెప్పింది మేనకోడలు సుజన. తల్లి పోయిన పిల్లని భారతమ్మే పెంచింది. ఇప్పుడా పిల్ల తిరుపతిలో ఒక పరిశోధనశాలలో పీహెచ్‌డీ చేస్తోంది.

"కణంలో పాడైన ప్రోటీన్లను ముక్కలు చేసే మర ఒకటుంటాది అత్తా. ప్రోటియాసోమ్ అంటారు. నీ మందు ఆ మరను ఆపేస్తాది. చెత్త పేరుకుపోయి క్యాన్సర్ కణం చస్తాది. అయితే మంచి కణాల్లో గూడా ఆపేస్తాది. అందుకే నీ కాళ్లట్లయినాయి."

సుజన పనిచేసేది ఆ మర మీదే. ఆమె ల్యాబ్‌లో రసాయనాలు తయారుచేసే మునికుమార్ ఒక కొత్త అణువును కట్టాడు. ఊదా కాంతి పడితే అది వంగుతుంది, మామూలు వెలుతురు పడితే మళ్లీ నిటారవుతుంది. వంగినప్పుడే మరను ఆపుతుందని అతని నమ్మకం. అదే నిజమైతే కాంతి వేసిన చోట మాత్రమే పనిచేసే మందుకు దారి దొరుకుతుంది. అణువు మరలో ఎలా కూర్చుంటుందో కళ్లారా చూసి తేల్చడం సుజన వంతు. మనిషి ప్రోటియాసోమ్‌కు దగ్గరి పోలిక ఉన్నది ఈస్ట్‌లో సులువుగా దొరుకుతుంది. దాన్ని స్ఫటికాలుగా పెంచి, ఊదా కాంతిలో వంచిన అణువును వాటిలోకి ఇంకించి, గడ్డకట్టించి, ఇండోర్‌లోని ఎక్స్-రే కేంద్రానికి పంపింది.

వచ్చిన పటంలో మర అంతా స్పష్టంగా ఉంది. అణువు కూర్చోవాల్సిన గూట్లో మాత్రం పలచని మసక. మళ్లీ పెంచింది, మళ్లీ పంపింది. మళ్లీ మసకే.

"ఏదో ఉండాదని తెలస్తానే ఉండాది గదా," అన్నాడు మునికుమార్. "వంగిన ఆకారం పెట్టి రాసేద్దాం సుజనా. సరిగ్గా పట్టేస్తాది."

"నిటారుది పెట్టినా అట్లే పట్టతాది కుమారన్నా. రెండూ పట్టేటప్పుడు నేను యాడ చూసినానని రాసేది?"

అతను ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. గైడ్ అమల ఎవరినీ తప్పుపట్టలేదు. "నువ్వు చూడలేదంటే చూడలేదనే రాద్దాం. ఈ వేసవి వరకూ ప్రయత్నించు," అంది.

ఒక మధ్యాహ్నం సుజన మైక్రోస్కోప్ కింద స్ఫటికాలున్న చుక్కను పెట్టి ఫోన్ వస్తే లేచింది. తిరిగి వచ్చి చూస్తే చుక్క రంగు మారి ఉంది. వంగిన అణువు నారింజ రంగులో ఉంటుంది, నిటారుది పసుపు. ఇది పసుపు వైపు తిరిగింది. ఆమె మైక్రోస్కోప్ దీపం వైపు చూసింది. స్ఫటికాన్ని ఎత్తడానికి వేసుకునే దీపమే ఇన్నాళ్లూ అణువును నిటారుగా మారుస్తోంది. కొంత వంగే ఉంది, కొంత నిటారైంది. పటం మసకగా కాక మరెలా ఉంటుంది?

ఎర్ర వెలుతురు ఆ అణువును కదిలించదు. కిటికీలకు నల్ల కాగితం అతికించింది, మైక్రోస్కోప్ దీపానికి ఎర్ర ప్లాస్టిక్ రేకు కట్టింది. ఆ మసక ఎరుపులో వెంట్రుకంత స్ఫటికాన్ని సన్నటి ఉచ్చులోకి ఎత్తడం మొదట్లో చేతకాలేదు. ఎన్నో విరిగాయి. వాటిని పారేసి మళ్లీ పెంచింది. ఈసారి రెండు రకాలూ చేసింది, పూర్తిగా వంగినదానితో కొన్ని, పూర్తిగా నిటారుదానితో కొన్ని.

పటాలు వచ్చిన రోజు అమల, మునికుమార్ ఆమె వెనక నిలబడ్డారు. వంగిన అణువు వేసిన స్ఫటికంలో గూడు ఖాళీ. నిటారుది వేసిన స్ఫటికంలో అణువు తల నుంచి తోక దాకా, ఒక్కొక్క మెలికతో, గూట్లో ఒదిగి ఉంది.



"నేననుకున్నదానికి తిరగబడినాది," అన్నాడు మునికుమార్. "ఊదా కాంతి పడితే అణువు పని మొదలుపెట్టదు. మానేస్తాది."

"పని మానిపించగలిగినా మీట మీటే కదా," అంది అమల. "ఎక్కడ దెబ్బ తగలకూడదో అక్కడ కాంతి వేసి మందును ఆపొచ్చేమో. అది తర్వాతి ప్రశ్న. దీన్ని ముందు తనివితీరా చూడండి."

"ఆ పొద్దు నా మాట విని రాసుంటే అబద్ధం అచ్చయ్యేది సుజనా," అన్నాడు మునికుమార్. ఆ గొంతులో చిన్నబుచ్చుకోవడం లేదు. పటాన్ని తిప్పి తిప్పి చూస్తూ, తను కట్టిన అణువులో ఏ మూల ఏం మార్చాలో అప్పుడే లెక్కవేసుకుంటున్నాడు.

వ్యాసం అచ్చయ్యాక సుజన సెమినార్‌కు భారతమ్మను పిలిచింది. ఆమె నేత చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా తెర మీద ఆ రెండు పటాలూ పక్కపక్కన పడ్డప్పుడు, ఖాళీ గూడేదో నిండిన గూడేదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. హాలంతా చప్పట్లు కొట్టింది.

సాయంత్రం పుత్తూరు బస్సులో వడమాలపేట దాటుతుండగా, పక్క సీటావిడతో భారతమ్మ అంటోంది: "మా అన్న కూతురు. ఒంట్లో ఉండే మరలోకి మందు యాడబోయి కూర్చుంటాదో కనిపెట్టింది."

"అత్తా, అది ఇంకా మందు కాలేదు. అయ్యేదానికి ఎన్నేండ్లు పడతాదో, అసలు అవతాదో లేదో," అంది సుజన నెమ్మదిగా.

"మందయిందని నేనన్నానా?" అంది భారతమ్మ. "అంతదాకా ఎవురూ సూడనిది సూసినావు. సూడక ముందు సూసినానని రాయలేదు. ఆ మాటే చెప్తా ఉండాను."

పక్కావిడ కాస్త ముందుకు వంగి సుజన ముఖం చూసింది. సుజన తల దించుకోలేదు.