గొంతు దిగని మాట

మాస్టారు తన జన్మలో ఇంత మంచి పాట రాయలేదు. ఆ సంగతి ఆయనే నలుగురికీ చెప్పుకున్నాడు కాబట్టి అందరికీ తెలుసు. ఊళ్లో ఒక హోటలువాళ్లు నల్లజాతి కుటుంబాన్ని గుమ్మంలోంచే వెనక్కి పంపేశారు. దాంతో ఊరు అట్టుడికిపోయింది. మనుషులంతా ఒకటే అని చాటడానికి ఆదివారం మైదానంలో సభ పెట్టారు. సభ మొదలయ్యేది మాస్టారి పాటతో. పాడాల్సింది కంచు.

కంచు అన్నది బ్యాండువాళ్లు పెట్టిన పేరు. ఆమె గొంతు ఖంగుమంటుంది మరి. ఆమె నల్లజాతి మనిషి, మాస్టారు తెల్లజాతి, డ్రమ్ములు వాయించే పిడుగు అటూ ఇటూ కాని చామనఛాయ. టైర్ల దుకాణం వెనక గదిలో, చప్పుడు బయటికి పోకుండా గోడలకు పాత పరుపులు దిగ్గొట్టి, ఏళ్ల తరబడి కలిసి వాయిస్తున్నారు. వాళ్ల మధ్య రంగు మాట ఏనాడూ రాలేదు. అదే మాస్టారి గర్వం.

పల్లవి ఎత్తుకుంటే కాళ్లు వాటంతటవే ఆడతాయి: ‘నల్లవాడైనా మనవాడే, చెయ్యి కలిపి చిందెయ్యరా!’ కంచు ‘నల్లవాడు’ దాకా ఉరిమినట్టు వచ్చి, టక్కున ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది.

“శ్రుతి ఎక్కువైందా?” అని ఆయన శ్రుతి తగ్గించాడు. మైకు మార్చాడు. వేడినీళ్లు తెప్పించాడు.

“గొంతు బాగానే ఉంది మాస్టారూ. ఆ మాటే గొంతు దిగట్లేదు,” అంది కంచు.

“ఏ మాట?”

“రాసింది మీరేగా, చూసుకోండి.”

మాస్టారు తెల్లబోయాడు. అసలే తెల్లటి మనిషి, ఇంకెంత తెల్లబోగలడో అంతా తెల్లబోయాడు. ‘నల్ల’ అన్నందుకు నొచ్చుకుందేమో అనుకున్నాడు. రాత్రంతా బుర్ర బద్దలుకొట్టుకుని పొద్దున్నే ‘నీలివాడైనా మనవాడే’ అని పాడి వినిపించాడు. పిడుగు చేతిలో కర్ర జారిపోయింది. ‘రంగేదైనా, రూపేదైనా’ అన్నాడు. కంచు ఆవలించింది. ‘చీకటివాడైనా’ అనేసరికి మాత్రం కంచు సంచీ భుజానికి తగిలించుకుంది.

“ఆదివారం నాకోసం చూడకండి,” అని వెళ్లిపోయింది.

మాస్టారికి కాళ్లూ చేతులూ ఆడలేదు. సభ పోతే పోయింది, కంచు పోతే ఈ గదిలో ఇంక పాటేముంది? “నువ్వన్నా చెప్పరా, నేనేమన్నాను?” అని పిడుగును పట్టుకున్నాడు.

“ఆలూమగల్లా మీరిద్దరూ పోట్లాడుకుని నన్నడుగుతారేంటండీ?” అని వాడు డ్రమ్ములకు గుడ్డ కప్పేశాడు.

మంచి చెయ్యబోతే చెడు ఎదురవడమంటే ఇదే కాబోలు అనుకున్నాడు మాస్టారు. కోపం వచ్చింది, దాని వెనకే భయం వేసింది. ఆమె తరఫునే కదా రాశాడు! రాసిన ప్రతి మాటా తిరగేశాడు, బోర్లేశాడు. ఒక్కదాంట్లోనూ దోషం కనబడలేదు.

ఆదివారం మైదానం కిక్కిరిసింది. మాస్టారు గిటారు పట్టుకుని, ఇక తనే గొంతు విప్పక తప్పదనుకుంటూ ఉండగా కంచు మెట్లెక్కి వచ్చింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కంచు పిడుగుకు సైగ చేసింది. దరువు మొదలైంది. ఆమె మైకు అందుకుని, నేరుగా మాస్టారి కళ్లలోకి చూసి నవ్వింది.

“తెల్లవాడైనా మనవాడే, చెయ్యి కలిపి చిందెయ్యరా!”

ముందు వరసలో నల్లజాతి ఆడవాళ్లు పగలబడి నవ్వి, చప్పట్లు కొడుతూ పల్లవి అందుకున్నారు. వెనకవాళ్లూ అందుకున్నారు. కాసేపటికి తెల్లవాళ్లూ పాడుతున్నారు, కొందరు హుషారుగా, కొందరు బిత్తరచూపులతో. పాట మాస్టారు కలగన్నదానికంటే పైకి లేచింది.

ఆయన వేళ్లు తీగల మీద వాటి పని అవి చేస్తున్నాయి. లోపల మాత్రం అంతా గందరగోళం. ఇంతమంది తనని మనవాడే అంటున్నారు, మంచిమాటే కదా! మరి గుండెలో ఈ కలుక్కుమనడం దేనికి? ఎవరో జాలిపడి పీట వేసి కూర్చోబెట్టినట్టు ఈ ముడుచుకుపోవడం దేనికి? ఉండబట్టలేక ఆమె చెవి దగ్గరకు వంగాడు.

“‘అయినా’ ఏంటి కంచూ? నేనేం తప్పు చేశానని ‘అయినా’?”

కంచు మైకును నోటికి దూరంగా జరిపింది.

“నేనూ అదే అడుగుతున్నా మాస్టారూ,” అని చరణం అందుకుంది.