శనివారం పేర్లు

1983లో మా లూథరన్ చర్చి ఒక గిన్నె దగ్గర రెండుగా చీలింది. ప్రభు భోజనంలో అందరూ ఒకే వెండి గిన్నెలోంచి ద్రాక్షారసం తాగాలని తాతబాబు వర్గం. ఎవరి చిన్న గ్లాసు వాళ్లకుండాలని నా వర్గం. తాతబాబు రేవులో ఓడల సరుకు ఎత్తి దించే వించి డ్రైవరు, సంఘంలో పెద్ద. నేను రేవు పక్క పాతపట్నంలో ఒక డాక్టరు దగ్గర కంపౌండర్ని. ఇద్దరికీ నోరు పెద్దదే.

గొడవకి మూలం వరహాలు అనే మనిషి. రేవులో బస్తాలు మోసే కలాసీ. క్షయ వచ్చి, ఏడాదిపాటు మందులు వాడి, మళ్లీ చర్చికి రావటం మొదలుపెట్టాడు. అతను తాగిన గిన్నెలో మనం తాగాలా అని నలుగురు గొణిగారు. ఆ గొణుగుడు పట్టుకుని సంఘం మీటింగు దాకా లాగినవాణ్ణి నేనే.

"లోపల జబ్బు పురుగు సచ్చిందో నేదో ఎవులు సూశారు?" అన్నాను. ఇలాంటి విషయంలో కంపౌండరు మాటకి విలువుంటుంది.

తాతబాబు బల్ల గుద్దాడు. "ఇయాల గిన్నె యేరంటావు. రేపు సంగం యేరంటావు."

మా దగ్గర ఒక ఆచారం ఉంది. భోజనం ఇచ్చే ఆదివారానికి ముందు, శనివారం సాయంత్రం పాస్టరుగారింటికి వెళ్లి పేరు రాయించుకోవాలి. ఎవరితోనైనా మాటల్లేకపోతే ముందు వాళ్లతో చెయ్యి కలిపి రావాలి. లేదంటే పేరు రాయరు. మేమిద్దరం చెయ్యి కలపలేదు. మమ్మల్ని చూసి మావాళ్లూ కలపలేదు. అలా మూడు నెలలు మా చర్చిలో భోజనమే లేదు. పాస్టరుగారు బతిమాలారు, కోప్పడ్డారు, చివరికి ఆ ప్రస్తావనే మానేశారు. ఈలోగా పెందుర్తిలో వేరే ఆరాధన పెట్టుకోవటానికి నా వర్గంవాళ్లు ఒక ఇల్లు కూడా చూసి వచ్చారు.

నాలుగో నెల శనివారం పాస్టరుగారు మా ఇద్దరికీ కబురుపెట్టారు. వెళ్లేసరికి వరండాలో స్టూలు మీద వరహాలు కూర్చుని ఉన్నాడు. ప్రతి నెలా వచ్చి పేరు రాయించుకుంటున్నది అతనొక్కడేనట. అతనికి ఎవరితోనూ తగువు లేదు మరి.

"అయ్యగారూ, జబ్బుతో పడున్నప్పుడు ఆస్పత్రి మంచం కాడికొచ్చి బోజనం ఇచ్చారు," అన్నాడు, మావైపు చూడకుండా. "నయమైపోనాక నేకుండా పోనాది. మల్లీ జబ్బు తెచ్చుకోమంటారేటి?"

పాస్టరుగారు తల వంచుకున్నారు. తాతబాబు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నయమైనట్టు రుజువేదని నేను ఒక్క మాట అడిగితే చాలు, గెలుపు నాదే. అడుగుదామనే నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"పురుగు నేదు. ఆర్నెల్ల కిందటే కళ్లె పరీచ్చలో తేలిపోనాది. ఆ కాయితం మా ఫైల్లో ఉంది. నాను సూశాను."

తాతబాబు లేచి నిలబడ్డాడు. "సూసి? ఇన్నాళ్లూ నోరెందుకు ఇప్పలేదు బావా?"

"ఇప్పితే నువ్వు గెలుత్తావని."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోతూ వరహాలు వైపు తిరిగి క్షమించమనబోయాను. అతను వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు తెల్దేటి బావా? ఆకరి ఇంజీసను ఏసిన్రోజు నువ్వే గదా సెప్పినావు."

"మరి మీటింగులో ఎందుకు లేచి సెప్పలేదు?" అన్నాడు తాతబాబు.

"సెప్తే ఈ బావని సర్చిలో ఉండనిత్తురా మీరు? ఆడే సెప్తాడని సూత్తన్నాను."

తాతబాబు నాకు చెయ్యి చాపాడు. నేను ముందు వరహాలు చెయ్యి పట్టుకున్నాను. ఎంతకీ వదలబుద్ధి కాలేదు.