ముఖ్య అతిథి వచ్చేదాకా

మా నాయన ఆ కీర్తనను నాలుగోసారి మొదటినుంచి ఎత్తుకునేసరికి నాకు నిజంగానే ఒళ్ళు మండింది. టైము ఒంటిగంటా నలభై. పన్నెండున్నరకు ప్రేమ విందు అని కార్డులో అచ్చు వేయించింది కూడా ఈయనే.

క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక, విందుకు ముందు ఆ కీర్తన పాడటం మా చర్చిలో తాతల నాటి పద్ధతి. సంఘ పెద్ద ఒక్కో చరణం ముందు పాడతాడు. ప్రతి చరణం చివరా సంఘమంతా ఒకే పల్లవి అందుకుంటుంది. చరణాలు ఇరవయ్యారు. నిదానంగా పాడినా ఇరవై నిమిషాలకు మించదు. ఆ తర్వాత పాస్టరు గారి ప్రార్థన, ఆకులు, అన్నం. పద్ధతి అంతవరకే. ముఖ్య అతిథి కారు వచ్చేదాకా దాన్ని సాగదీయడం మాత్రం మా నాయన సొంతంగా కనిపెట్టిన విద్య. పాట ఆగితే జనం పంక్తుల్లో కూర్చుంటారు, కూర్చుంటే వడ్డించాలి, వడ్డించాక ఆయన వస్తే ఎట్లా అని భయం. అందుకని ఇరవయ్యారో చరణం అయిపోగానే ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఒకటో చరణానికి వచ్చేస్తాడు. జనం కూడా పాపం, దేవుడి పాట కదా, మధ్యలో ఆపలేరు.

ఆ ముఖ్య అతిథి వెంకటరమణయ్య నాయుడు గారు. మా ఊరి పెద్ద రైతు. ఊరి నుంచి ఉదయగిరి రోడ్డు దాకా కనిపించే చేలల్లో సగం ఆయనవే. సర్పంచి ఎవరైనా సరే, పంచాయితీ జరిగేది ఆయన వరండాలోనే. మా నాయన పెంచలయ్య వాళ్ళ చేలల్లో నలభై ఏళ్ళు పనిచేశాడు. ఇద్దరిదీ ఒకటే వయసు, డెబ్బై ఆరు.

ప్రతి క్రిస్మస్‌కూ ఆయన వస్తాడు. శాలువా కప్పించుకుంటాడు. కేకు కోస్తాడు. అది ఆత్మకూరు బేకరీ నుంచి డబ్బాలో వచ్చిన కేకు గనుక ఒక ముక్క నోట్లో వేసుకుంటాడు. సీలు విప్పని బాటిల్లోని నీళ్ళయితే తాగుతాడు. మీరంతా నా బిడ్డల్లాంటి వాళ్ళు అని మైకులో చెబుతాడు. ఆకులు వేసే వేళకు వాచీ చూసుకుని, కలువాయిలో పనుందనో, షుగరు పెరిగిందనో చెప్పి లేచిపోతాడు. మా చర్చి ఆవరణలో ఆ మనిషి ఒక్క మెతుకు తినగా నేను చూడలేదు. నాకిప్పుడు నలభై ఆరేళ్ళు.

ఇది చాలదన్నట్టు ఆయన కోసం వేరే వంట. ఉదయగిరి నుంచి ఆదినారాయణ అని వాళ్ళ కులం వంటాయన వస్తాడు. వేరే పొయ్యి, వేరే గిన్నెలు, వేరే షామియానా. పప్పు, గుత్తి వంకాయ, పులిహోర, పాయసం, అన్నీ ఒక్క మనిషికి. ఆ ఒక్క మనిషీ తినడు. అందరూ వెళ్ళాక ఆదినారాయణ షామియానా వెనక కూర్చుని మా పొట్టేలు కూర మారు అడిగి మరీ పెట్టించుకుంటాడు. "ఉప్పూ కారం కరెక్టుగా పడినాయమ్మా" అని నాకు సర్టిఫికెట్టు కూడా ఇస్తాడు. ఆ వంటాయనకు లేని పట్టింపు నీకెందుకు నాయనా అంటే మా నాయన చెవిన వేసుకోడు.

నేను ఆత్మకూరు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పండక్కి పుట్టింటికి వస్తాను, ఏటా ఈ తంతు చూసి తల పట్టుకుంటాను. ఈసారి బస్సు దిగిన రోజే గట్టిగా చెప్పాను.

"నాయనా, ఈ ఏడన్నా మన పాటికి మనం తిందాం. ఆయన కోసరం కాచుకోబాకండి."

"ఈ తూరి తింటాడు మే. నాకు తెలుసు."

"నీకు ఏటేటా తెలుస్తానే ఉండాది."

"కరోనాలో నా చేత్తో పెడితే తిన్నాడు గదా."

అదొక్కటే మా నాయన పట్టుకుని వేలాడేది. కరోనా సోకినప్పుడు వెంకటరమణయ్య గారిని కొడుకులు తోటలోని రేకుల షెడ్డులో ఉంచారు. దగ్గరికి పోయే ధైర్యం ఎవరికీ లేదు. మా నాయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని, మా అమ్మ వండిన చారన్నం, రాగి జావ పద్నాలుగు రోజులు రెండు పూటలా మోసుకుపోయాడు. ఆయన చేతులు వణుకుతుంటే ముద్దలు కలిపి నోట్లో పెట్టాడు. ఆయన బతికి బయటపడ్డాడు. ఈ సంగతి ఆయన ఊళ్ళో ఒక్కరికీ చెప్పలేదు, మా నాయన కూడా ఇల్లు దాటనివ్వలేదు.

"ఎవురూ చూడనప్పుడు తింటే అది తిన్నట్టు లెక్కా నాయనా?" అన్నాను.

"లెక్కల టీచరువి, నువ్వే చెప్పు" అన్నాడు.

నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇదే ఆఖరు మే. జనవరి నించి పెద్దరికం మీ తమ్ముడికి అప్పజెప్తుండా. ఒక్కసారి ఆయన మన పంక్తిలో కూర్చోని, అందురూ చూస్తుండగా తినాల. అది చూసి దిగిపోతా. ఇంకేమీ అడగను" అన్నాడు.

ఆయన ఆశ ఎట్లా ఉన్నా ఆకలి ఊరుకోదు కదా. నాలుగోసారి కీర్తన సగానికొచ్చేసరికి చర్చి అంతా పలావు వాసన. కీబోర్డు దగ్గర మా తమ్ముడి కూతురు జెస్సీ నా వైపు చూసి, "అత్తా, వేళ్ళు పీక్కపోతుండాయి, తాతకు చెప్పు" అని పెదాలు కదిపింది. చిన్నపిల్లలు పల్లవి వచ్చినప్పుడల్లా గొంతు చించుకుని అరుస్తున్నారు, భక్తితో కాదు, ఆకలితో. ముందు వరసలో కామమ్మవ్వ నా కొంగు పట్టుకు లాగింది. ఆమెకు ఎనభై దాటాయి.

"షుగరు మాత్ర మింగి గంటయింది సుధా. కళ్ళు తిరుగుతుండాయి. ఆ నాయుడు వచ్చేలోపల నేను పోతానేమో."

ఆదినారాయణ దగ్గరికి పరిగెత్తి ఒక అరటిపండు తెచ్చి ఆమెకు ఇచ్చాను. అది కూడా ముఖ్య అతిథి కోసం పళ్ళెంలో పెట్టిందే. ఆయన సణిగాడు. నేను పట్టించుకోలేదు.

మా తమ్ముడు సురేంద్రబాబు గుమ్మం దగ్గర నిలబడి పన్నెండు నుంచీ కారు డ్రైవరుకు ఫోను చేస్తూనే ఉన్నాడు. దుత్తలూరులో బయల్దేరినాం, దుత్తలూరులో బయల్దేరినాం అని గంటన్నరగా అదే జవాబు. దుత్తలూరు ఏమైనా హైదరాబాదులో ఉందా. ఇక లాభం లేదని ఈసారి నేరుగా ఆయనకే చేయమన్నాను. మా తమ్ముడు స్పీకరు ఆన్ చేసి, మైకుకు కాస్త ఎడంగా, మా నాయన పక్కన నిలబడ్డాడు. నేనూ వెళ్ళాను.

"సురేంద్రా, వస్తుండా, వస్తుండా. మా బావోళ్ళ ఇంట్లో ఇప్పుడే భోజనం అయింది. మీ నాయనకు చెప్పు, నా కోసరం ఏం పెట్టుకోబాకండని. వచ్చి కేకు కోసేసి పోతా."

మా నాయన విన్నాడు. చరణం సగంలో ఉన్నాడు, అక్కడే ఆగిపోయాడు. ఆగింది సగంలోనని ఎవరికీ తట్టలేదు, అలవాటుగా అందరూ పల్లవి అందుకున్నారు. అది అయిపోయేదాకా ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మైకులో, "ఆమెన్. ఆకులు వెయ్యండి" అన్నాడు.

పాస్టరు గారు కంగారుగా దగ్గరికొచ్చి, "పెద్దాయన ఇంకా రాలేదు గదా" అన్నారు.

"ప్రార్థన చెయ్యండి అయ్యగారూ. చిన్నది చెయ్యండి."

మా పాస్టరు గారు అంత చిన్న ప్రార్థన చేయగా నేనెప్పుడూ వినలేదు.

బయట చాపలు పరిచి ఆకులు వేశారు. సంఘ పెద్ద ఎప్పుడూ వడ్డించి ఆఖరి పంక్తిలో తినాలి. మా నాయన తిన్నగా మొదటి పంక్తిలోకి వెళ్ళి కూర్చున్నాడు. "ఆదినారాయణా, ఆ వంకాయ కూర, పాయసం కూడా ఇట్ట తీసకరా. అందురికీ తలా కాస్త వడ్డించండి" అన్నాడు. ఆదినారాయణ ఒక్క క్షణం తటపటాయించి, గరిటె పట్టుకుని వచ్చాడు. మా నాయన నన్ను ఎడమ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కుడి పక్కన ఒక ఆకు వేయించి, అక్కడ ఎవరినీ కూర్చోనివ్వలేదు.

ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటుంటే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇన్నేళ్ళకు మా నాయనకు వెన్నెముక వచ్చింది అనుకున్నాను. పలావు చల్లారిపోయింది. అయినా అంత రుచిగా ఎప్పుడూ లేదు.

పంక్తి సగం తినేసరికి కారు వచ్చింది. మామూలుగా అయితే అందరూ బిలబిల లేచి నిలబడాలి. ఆరేడుగురు అప్పుడే సగం లేచారు కూడా.

"ఎంగిలి చేత్తో ఎవురూ లేవబాకండి. తినండి" అన్నాడు మా నాయన, తలెత్తకుండానే.

లేచినవాళ్ళు లేచినట్టే మళ్ళీ కూలబడ్డారు. వెంకటరమణయ్య గారు తెల్ల చొక్కా, తెల్ల పంచెతో చాప అంచు దాకా వచ్చి ఆగాడు. ఎదురొచ్చి చెయ్యి పట్టుకు తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ లేకపోయేసరికి ఎటు పోవాలో తెలియలేదు ఆయనకు.

"ఏందయ్యా పెంచలయ్యా, మొదలుపెట్టేసినారే."

"ఆకలయింది. అందురికీ ఆకలయింది" అన్నాడు మా నాయన. తర్వాత కుడి పక్కనున్న ఆకు చూపించి, "రా, కూర్చో" అన్నాడు.

రాండయ్యా, కూర్చోండయ్యా అనే నోటి నుంచి రా, కూర్చో అన్న మాటలు రావడం నేను వినడం అదే మొదలు. కోపంగా అనలేదు. తోటలో షెడ్డులో, ఎవరూ లేనప్పుడు, అట్లాగే అనేవాడేమో.

"తినొచ్చినా గదా."

"తెలుసు. రెండు ముద్దలు తిను." మా నాయన గొంతు తగ్గించాడు. పక్కనున్న నాకూ, ముందు నిలబడ్డ ఆయనకూ తప్ప ఇంకెవరికీ వినపడలేదు. "పద్నాలుగు దినాలు పెట్టిన చెయ్యే ఇది. కొత్తది గాదు."

వెంకటరమణయ్య గారు పంక్తి వైపు చూశాడు. కామమ్మవ్వ ఆయన్ని పట్టించుకోకుండా బొమిక చీకుతోంది. ఆదినారాయణ వంకాయ కూర గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. కారు దగ్గర డ్రైవరు కూడా చూస్తున్నాడు. పిల్లలూ, కామమ్మవ్వా తప్ప అందరూ నమలడం ఆపేశారు. మా నాయన మాత్రం తింటూనే ఉన్నాడు, కానీ ముద్ద చిన్నదైంది, చెయ్యి నెమ్మదించింది.

అప్పుడు వెంకటరమణయ్య గారు కుడి కాలి చెప్పు విప్పాడు.

నేను చూశాను. ముసలి పాదం, చాప అంచు మీద ఆనింది. ఎడమ కాలు ఇంకా చెప్పులోనే ఉంది. ఒక చెయ్యి మోకాలి మీదికి వచ్చింది, కూర్చోబోయే మనిషికి వచ్చినట్టు.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. నేను లేచాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నా వైపు చూడను కూడా లేదు. ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకుని, గోడ వారన ఉన్న ప్లాస్టిక్ కుర్చీని ఎడమ చేత్తో ఈడ్చుకొచ్చి, కొంగుతో బరబరా తుడిచి ఆయన వెనకాల వేశాను. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఏటా అట్లాగే తుడిచి వేసేది. "కూర్చోండయ్యా" అన్న మాట కూడా నా నోట్లోంచే వచ్చింది.

ఆయన కుర్చీ వైపు చూశాడు. మా నాయన వైపు చూశాడు. పాదం మళ్ళీ చెప్పులో పెట్టుకున్నాడు.

"చాలమ్మా, అయిదు నిమిషాలే" అని కుర్చీలో కూర్చున్నాడు.

ఇక అంతా మామూలే. మా తమ్ముడు పరిగెత్తుకెళ్ళి శాలువా తెచ్చాడు. కేకు కోశారు. జెస్సీ ఫోటో తీసింది. వాచీ చూసుకుని ఆయన వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరిగేలోపల మా నాయన తన ఆకులో అన్నం మొత్తం తిని, ఆకు మడిచి, కుడి పక్కన ఎవరూ తినని ఆకును కూడా అట్లాగే మడిచి లేచాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నేనూ నాలుగు అని ఉండేదాన్ని.

సాయంత్రం గిన్నెలన్నీ సర్దాక, డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుంటుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"చెప్పు విప్పినాడు. చూసినావా?"

"చూసినా నాయనా."

"మరి కుర్చీ ఎందుకేసినావు మే?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నా చెయ్యి ఎప్పుడో శుభ్రమైంది, అయినా నీళ్ళు పోసుకుంటూనే నిలబడ్డాను.