సోఫా మీద తడి

మూత్రం మరకను వేడినీళ్లతో కడిగితే ఇక జన్మలో వదలదు. ఒక సోఫా దిండును పాడుచేసుకుని ఈ సంగతి నేర్చుకున్నాను. ముందు పాత నూలుగుడ్డ మడతపెట్టి, దాని మీద అరచేత్తో గట్టిగా నొక్కి తడిని లాగెయ్యాలి. రుద్దితే లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత సగం నీళ్లు, సగం తెల్ల వెనిగర్. కాసేపాగి వంటసోడా చల్లి, ఆరాక పొడిబ్రష్షుతో దులపాలి. అప్పటికీ వాసన మిగిలితే, కుక్కలను పెంచుకునేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో అమ్మే ఒక మందునీళ్ల సీసా ఉంటుంది. చివరికి దిండు తొడుగు విప్పి లోపలి ఫోమ్‌ను వాకిట్లో ఎండబెట్టాలి. గోదావరిఖనిలో అదొక్కటి మాత్రం గడియారం చూసి చేయాల్సిన పని. మధ్యాహ్నం రెండు దాటితే ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అవుతుంది, బొగ్గుదుమ్ము వచ్చి వాలుతుంది. ఆలోగా దిండు లోపలికి తేకపోతే పచ్చ మరక పోయి నల్ల మరక పడుతుంది.

ఇంత చెప్తున్నానని నేనేదో కుక్కల వ్యాపారం చేస్తున్నాననుకునేరు. నా పేరు తిరుమల. ప్రైవేటు బడిలో తెలుగు టీచరును. మా ఆయన వేణుమాధవ్ భూగర్భ గనిలో సర్దార్. అంటే కార్మికులు పనిలోకి దిగేముందే లోపలికి వెళ్లి, పైకప్పు గట్టిగా ఉందా, గాలి మంచిదేనా చూసి, ఇక రండి అని చెప్పే మనిషి. బొగ్గు లోపల్లోపల వేడెక్కుతుంటే మంట కనబడక ముందే ఒక వాసన వస్తుందట. ఆయన దాన్ని అందరికంటే ముందు పసిగడతాడని గనిలో పేరు. అంత పేరున్న ముక్కు ఇంట్లో నాలుగు నెలలుగా ఏం పసిగట్టిందో చెప్తాను వినండి.

పోయిన దసరాకు లాభాల బోనస్ వచ్చినప్పుడు ఈ సోఫా కొన్నాడు. మీగడ రంగు. "గా రంగు వద్దయ్యా, మాసిపోతది" అన్నాను. "ఆఫీసర్ల ఇండ్లల్ల గిదే ఉంటది. నీకేమెర్క" అన్నాడు. కూర్చునేవాళ్లకు ఒక రంగు నచ్చుతుంది, కడిగేవాళ్లకు ఒకటి నచ్చుతుంది. కొనేటప్పుడు దుకాణానికి వెళ్లేది కూర్చునేవాళ్లే.

అది వచ్చిన నెలలోపే, కార్తీకంలో ఒక సాయంత్రం, అందరం టీవీ ముందున్నాం. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న మా అన్విత లేచి నిలబడి వాళ్ల ప్రిన్సిపాల్ ఎట్లా దగ్గుతాడో, ఎట్లా కళ్లద్దాలు సవరించుకుంటాడో చేసి చూపించింది. నేను నవ్వాను. కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. అంతే, కింద తడిసిపోయింది. అంతకుముందు తుమ్మినప్పుడో, బిందె ఎత్తినప్పుడో ఒక చుక్క పడేది. ఈసారి చుక్క కాదు. కొంగు కిందికి లాక్కుని, పొయ్యి మీద పాలున్నాయంటూ లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. వెనక నుంచి మా అత్తమ్మ సారవ్వ గొంతు వినబడింది. "గీ సైరన్‌గాడు సోఫా మీద పోసిండు సూడుండ్రే."

సైరన్ మా కుక్క. అన్విత మూడేళ్ల కింద బస్టాండు దగ్గర నుంచి తెచ్చింది. షిఫ్టు సైరన్ మోగినప్పుడల్లా తల పైకెత్తి దాంతోపాటు అరుస్తుందని ఆ పేరు పెట్టింది. పిల్లగా ఉన్నప్పుడు ఒకట్రెండుసార్లు తివాచీ పాడుచేసింది గనుక దాని మీద పాత కేసు ఉండనే ఉంది. ఆ సాయంత్రం అది టీపాయ్ కింద హాయిగా నిద్రపోతోంది. అందరూ దానివైపు చూశారు. నేను గుమ్మంలో నిలబడి, "అవునత్తమ్మా, నేను గిప్పుడే సూసిన" అన్నాను.

ఆ ఒక్క మాటతో నా పని సులువైంది. ఆ తర్వాత ఎప్పుడు తడిసినా ఎవరూ నావైపు చూడలేదు. తుడిచేదీ నేనే కాబట్టి ఎవరికీ దగ్గరికొచ్చి చూసే అవసరం రాలేదు. ఇంటిచాకిరీలో ఇంత సౌకర్యం ఉంటుందని నాకు పెళ్లైన ఇరవై ఏళ్లకు గాని తెలియలేదు.

ఇది ఎట్లా మొదలైందో నాకు తెలుసు. కాన్పులో అన్వితను పట్టుకారు పెట్టి లాగి తీశారు. ఇంటికొచ్చిన పదకొండో రోజున నల్లా వస్తే రెండు బిందెలెత్తి నీళ్లు మోశాను. ఎవరూ మొయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. ఆ తర్వాత బడి. అక్కడ ఆడటీచర్లకు ఉన్న ఒక్క బాత్రూమ్ తలుపుకు గడియ లేదు. ఒకరు వెళ్తే ఇంకొకరు బయట కాపలా ఉండాలి. కాపలాకు మనిషి దొరికేసరికి గంట కొడతారు. అందుకని పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకపోవడం అలవాటు చేసుకున్నాను. ఒంటిని ఎంత బిగబట్టినా అది ఎప్పుడో ఒకప్పుడు తన లెక్క తాను చూసుకుంటుంది. నాకైతే నలభై మూడో ఏట చూసుకుంది.

దవాఖానకు వెళ్లలేదా అంటే వెళ్లాను. చీటీ రాసే కిటికీ దగ్గర మా ఆయన స్నేహితుడు కూర్చుని ఉన్నాడు. "ఏం తకలీబ్ వదినె?" అని గట్టిగా, ఎంతో అభిమానంగా అడిగాడు. నా వెనక లైనులో మా కాలనీవాళ్లు సగం మంది ఉన్నారు. "తలకాయ నొప్పి" అన్నాను. తలనొప్పి మాత్రలు తెచ్చుకుని ఇంటికొచ్చాను.

నాకు సిగ్గు తెప్పించింది తడి కాదు. సంక్రాంతి సెలవుల తర్వాత ఒక రోజు మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి సోఫాలో కూర్చోబోయి, "థూ, మల్ల పోసింది" అని లేచాడు. సైరన్‌ను మెడ దగ్గర పట్టుకుని ఈడ్చుకొచ్చి, దాని మూతిని ఆ తడిలో పెట్టి రాపాడించాడు. "బుద్ధొస్తదారా నీకు? వస్తదా?" అని నాలుగు దెబ్బలు వేశాడు. అది కుయ్ కుయ్‌మంటూ అన్విత మంచం కిందికి దూరింది. నేను గుడ్డ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నా తడిలో దాని మూతి. నోరు విప్పలేదు. ఆ రోజంతా నామీద నాకు అసహ్యం వేసింది. రాత్రి దానికి రెండు ముక్కలు ఎక్కువ వేశాను. లంచం ఇస్తున్నట్టే ఉంది, అయినా వేశాను.

మొన్న శనివారం ఆయన తేల్చి చెప్పేశాడు. "ఇంటికొచ్చినోడు ముక్కు మూస్కుంటుండు. రోజంత ఇంట్ల ఉండేటోల్లు ఏం జేస్తున్రో. రేపు రాయమల్లు ట్రాలీ తెస్తడు. దీన్ని రామగిరి గుట్టలకాడ ఇడిసిపెట్టి వస్తడు."

"డాడీ, అది ఆడ బతకది. దానికి బిస్కెట్లు తినుడు తప్ప ఏం రాదు" అంది అన్విత.

"సోఫా అన్న ఉండాలె, కుక్క అన్న ఉండాలె. సోఫానైతే ఇడిసిపెట్ట."

పిల్ల అన్నం తినలేదు. గదిలో కుక్కను కరుచుకుని కూర్చుంది. నేను వంటింట్లో దిండు తొడుగు పిండుతుంటే అత్తమ్మ వచ్చి పీట వేసుకుని నా పక్కన కూర్చుంది. కాసేపు నా చేతులవైపే చూసింది.

"పోనీ తియ్యి బిడ్డా. కుక్క పోతే పోయింది. నీ ఇజ్జత్ అయితే దక్కింది" అంది మెల్లగా.

నా చేతిలో తొడుగు బకెట్లో పడింది. "నీకు ఎర్కేనా అత్తమ్మా?"

"ముసల్దాన్ని, గంత తెల్వదా? మొదటి రోజు నువ్వు లేసి పోంగనే చెయ్యి పెట్టి సూసిన. వెచ్చగుండె. అందుకే జల్ది కుక్క పేరు జెప్పిన."

అప్పుడు నాకు ఒక్కొక్కటే అర్థమైంది. నేను బడికి వెళ్లిన రోజుల్లో వాకిట్లో పెట్టిన దిండు మధ్యాహ్నం రెండు కాకముందే లోపలికి వచ్చి ఉండేది. ఒక్కసారి కూడా దుమ్ము పడలేదు. నేను చెప్పకుండానే వంటసోడా డబ్బా నిండుగా ఉండేది. ఇన్నేళ్లలో 'కూరల ఉప్పులేదు', 'గిన్నె సరిగ తోమలే' అనడం తప్ప నాతో మంచిగా మాట్లాడింది లేదనుకున్న మనిషి, నాలుగు నెలలుగా నాకు కాపలా కాస్తోంది. ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఆమె మీద కాదు. ఇద్దరం ఆడవాళ్లం ఇంట్లో దొంగల్లా ఇట్లా గుసగుసలాడుకోవాల్సి వచ్చినందుకు.

"మరి కుక్క పోయినంక ఎట్లత్తమ్మా? ఎవరి పేరు చెప్తవు?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "ఇంకో దాన్ని తెచ్చుకుందాం తియ్యి" అంది.

నవ్వొచ్చింది. నవ్వితే ఏమవుతుందో తెలుసు గనుక గోడ పట్టుకుని ఆపుకున్నాను. నా ఇంట్లో నేను నవ్వు ఆపుకుంటున్నాను. నా గుట్టు దాగడం కోసం ఒకదాని తర్వాత ఒకటి కుక్కలు గుట్టల పాలు కావాలన్నమాట. ఆ రాత్రి పడుకుని చాలాసేపు అదే ఆలోచించాను. చెబితే ఆయన ఏమంటాడో, కాలనీలో ఎంతమందికి తెలుస్తుందో, అన్విత నన్నెట్లా చూస్తుందో అని భయపడ్డాను. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం ఆలోచించే పనిలేదు. సైరన్ గోనెసంచి మీద పడుకుని పక్కగదిలో గుర్రు పెడుతోంది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి రాయమల్లు ట్రాలీ వచ్చింది. అతను ఇదివరకు గనిలో మా ఆయనతో పనిచేసేవాడు, ఇప్పుడు సొంత బండి నడుపుకుంటున్నాడు. మా ఆయన సైరన్ మెడకు తాడు కట్టి గుమ్మం దాకా లాక్కొచ్చాడు. అన్విత ఇంకో చివర దాని నడుము పట్టుకుని వదలడం లేదు. రాయమల్లు, "పిల్ల ఏడ్వవట్టె గదన్నా" అంటూ చెప్పులవైపు చూస్తున్నాడు.

"తాడు ఇడిసిపెట్టు" అన్నాను.

"నువ్వు నడుమ రాకు తిరుమలా. పిల్లకు చెప్పు."

"సోఫా మీద పోసింది కుక్క కాదు. నేను."

ఎంత మామూలుగా అన్నానంటే మా ఆయన ముందు నవ్వాడు. "పరాష్కాలా?"

"పరాష్కాలు కాదు. దగ్గితె వస్తది, నవ్వితె వస్తది. అన్విత పుట్టినప్పటి సంది మెల్లమెల్లగ మొదలై గిప్పుడు ఎక్కువైంది. నాలుగు నెలల సంది సోఫా తడిసినప్పుడల్ల అది నేనే. దాన్ని కొట్టినప్పుడు గూడ నేనే."

అత్తమ్మ లోపలి నుంచి గబగబా వచ్చింది. "ఏమంటున్నవు పిల్లా, కుక్కనే పోసింది" అంది. నేను తల అడ్డంగా ఊపాను.

రాయమల్లు వంగి సైరన్ మెడలోని తాడు ముడి విప్పాడు. "నేను మల్ల కలుస్తనన్నా. పైలం వదినె" అని బండెక్కి వెళ్లిపోయాడు. అన్విత కుక్కను వదిలి వచ్చి నా నడుము పట్టుకుంది. రాత్రంతా నేను భయపడిన చూపు ఆ పిల్ల కళ్లలో లేదు.

మా ఆయన తలుపు దగ్గరికి వేశాడు. "అదే మాట నాతోటి లోపల చెప్పరాదా? రాయమల్లు ముందట చెప్తవా? ఇజ్జత్ తీస్తివి గద."

"నాలుగు నెలలు ఎవ్వరికి చెప్పకుంట సూసిన. ఏం లాభమైంది?"

ఆయన హాల్లో అటూ ఇటూ తిరిగాడు. మా ఆయన చెడ్డవాడు కాదు. కోపం దిగాక ఏదో ఒక దారి వెతుకుతాడు. వెనక వరండాలోకి వెళ్లి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, సోఫాకు దూరంగా గోడ పక్కన వేశాడు. చేత్తో దాని దుమ్ము కూడా తుడిచాడు.

"సరే తియ్యి. కుక్కను పంపియ్య. ఇప్పటిసంది నువ్వు గీ కుర్సీల కూసో. కడుగుడు గూడ నీకే అల్కగ ఉంటది" అన్నాడు.

చాలా మంచిగా అన్నాడు. సమస్య తీరిందన్నట్టు నావైపు చూశాడు. జవాబిచ్చింది మా అత్తమ్మ.

"మీ నాయిన గూడ నాకు గిట్లనే జాగ సూపిచ్చిండురా."

"ఏం జాగనే?"

"నువ్వు పుట్టినంక నాకు గిదే తకలీబైంది. వాసనొస్తున్నవని మీ నాయిన నా మంచం తీస్కపోయి వాకిట్ల ఏసిండు. పన్నెండేండ్లు ఆన్నే పండుకున్న."

"అదేందే, నువ్వు ఉక్కపోతకు బయట పండుకుంటుంటివి గద?"

"అందరు గట్లనే అనుకున్నరు బిడ్డా. సలికాలం గూడ గక్కడ్నే పండుకుంటి. ఉక్కపోత ఏడిదని ఒక్కలు అడగలే. నువ్వు గూడ అడగలే."

మా ఆయన చెయ్యి ఇంకా కుర్చీ మీదే ఉంది. వాళ్లమ్మ ముఖంలోకి చూసి, కళ్లు దించుకున్నాడు.

నేను సోఫాలో కూర్చున్నాను. అత్తమ్మ చెయ్యి పట్టుకుని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆమె అంచున కూర్చుంటే, ఇంకా వెనక్కి జరగమన్నాను.

"రేపు బడికి సెలవు పెడుతున్న. నేను, అత్తమ్మ దవాఖానకు పోతున్నం, ఇద్దరం సూపిచ్చుకుంటం. వచ్చేసరికి పొద్దుపోతది" అని ఆయనతో అన్నాను. "వంట నువ్వు సూస్కో."